పొద్దు పెరిగితే కళ్లు వచ్చాయనుకున్నాను

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లోవాళ్లకి తెలుసు, షాపులోవాళ్లకి ఇంకా బాగా తెలుసు. అయితే ఆకాశం మీద కూడా కోపం తెచ్చుకునే మనిషిని మాత్రం నన్ను తప్ప ఇంకొకరిని నేను చూడలేదు. దసరా దాటిందంటే చాలు, సాయంత్రం ఐదున్నర కాగానే గుమ్మంలోకి వచ్చి పైకి చూసి పళ్లు కొరుకుతాను. నిన్న ఈ వేళకి ఇంత మసక లేదు కదా, ఇవాళ ఏం తొందరొచ్చింది నీకు, అని అడగాలనిపిస్తుంది.

అబిడ్స్‌లో స్కూలు యూనిఫాంలు అమ్మే షాపు మాది, అంటే నేను పనిచేసేది. వెనక గదిలో నా మిషన్ ఉంటుంది. కొన్న ప్యాంటు పొడుగైతే మడిచి కుడతాను, నడుము బిగుతైతే వదులు చేస్తాను. ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, రెండో అంతస్తులో కిరాయికి. మా ఆయన ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా, ఇంటికొచ్చేసరికి బాగా ఆలస్యమవుతుంది. ఇంట్లో మా అత్తమ్మ, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి.

నా కళ్ల సంగతి కొన్నేళ్ల కిందట మొదలైంది. పగలు సూది మొనంత సన్నటి కుట్టు కూడా కనబడుతుంది. వెలుతురు తగ్గిందంటే మాత్రం నాకు దీపాలు కనిపిస్తాయి, దీపాల కింద రోడ్డు కనిపించదు. అబిడ్స్ నిండా ఎన్ని లైట్లున్నా అంతే, లైటుకీ లైటుకీ మధ్య అంతా నల్లటి గుంత. మా అమ్మకీ ఇట్లాగే ఉండేది. ఊళ్లో రేచీకటి అనేవారు. మొదట్లో చీకటి పడితేనే తడుముకునేది. చివరి రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా గోడ పట్టుకునే నడిచేది. అందుకే నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం. కాలికి దెబ్బ తగిలితే చెప్పు తెగిందనేదాన్ని, ఎవరినైనా గుద్దుకుంటే వాళ్లనే తిట్టేదాన్ని. చలికాలం సాయంత్రాలు షాపు నుంచి ఇంటికి నడిచేటప్పుడు తెల్లచొక్కా వేసుకున్న మనిషిని ఒకణ్ని చూసుకుని అతని వెనకే నడిచేదాన్ని. ఒకసారి ఆ తెల్లచొక్కా నన్ను స్టేషన్ దాకా తీసుకెళ్లకుండా వైన్ షాపు ముందు ఆగింది. నేనూ ఆగాను. ఆయన తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

మా అత్తమ్మ దగ్గర మాత్రం దాగలేదు. ఒక చలికాలం సాయంత్రం కరెంటు పోయింది, కొవ్వొత్తి ఒక్కటే వెలుగుతోంది. ఆమెకి అన్నం వడ్డించాను. పళ్లెంలో కాదు, పళ్లెం పక్కన నేల మీద.

"ఏందే, నీకు కండ్లు కనవడ్తలేవా?" అంది.

"చెయ్యి జారింది అత్తమ్మా."

"చెయ్యి జారితే గంటె వడ్తది. నువ్వు నేలకు మంచిగ కుప్ప వెట్టి వడ్డిచ్చినవ్."

ఇక దాచి లాభం లేకపోయింది. ఆమె కంగారు పడలేదు, నన్ను తిట్టనూ లేదు. "పొన్నగంటి కూర తిను బిడ్డా. మా మేనత్తకు గిట్లనే ఉండె. రోజు తిన్నది, మల్ల సూదిల దారం ఎక్కిచ్చింది. ఫికర్ చెయ్యకు" అంది. మర్నాడు సంక్రాంతి. పండగ నాడు కూడా మా ఇంట్లో పొన్నగంటి కూరే.

మేనత్త సూదిలో దారం ఎక్కించిందన్న మాట నా బుర్రలో ఉండిపోయింది. కుట్టుపని చేసేదాన్ని, నా కళ్లకి అంతకంటే పరీక్ష ఏముంటుంది? ప్రతి ఆదివారం సాయంత్రం బాల్కనీలో పడమటివైపు స్టూలు వేసుకుని, లైటు వెయ్యకుండా కూర్చునేదాన్ని. దారం ఎక్కించడం, తియ్యడం, మళ్లీ ఎక్కించడం. ఇక ఎక్కదు అనుకున్నప్పుడు "అయిపోయింది" అని కేకేస్తే, లోపల నుంచి మా అత్తమ్మ గోడ గడియారం చూసి టైము చెప్పేది. మొదటి వారం సరిగ్గా ఆరింటికే అయిపోయింది. శివరాత్రి వచ్చేసరికి ఆరుంబావు దాటింది. ఉగాదికి ఆరున్నర. మామిడిపళ్లు వచ్చాక ఇంకాస్త ముందుకి జరిగింది. జూన్‌లో బడులు తెరిచే నాటికి ఏడు కావస్తున్నా దారం ఎక్కుతూనే ఉంది.

ఎండాకాలం పొద్దు పెద్దదని తెలియనిదెవరికి? మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. వడియాలు పెట్టుకునేటప్పుడు తెలుసు, బట్టలు ఆరేసుకునేటప్పుడు తెలుసు. ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు. మా అత్తమ్మ "ఏడు గావట్టింది!" అని లోపలి నుంచి అరిస్తే నా నెత్తిన పాలు పోసినట్టుండేది. నా కళ్లు తిరిగి వస్తున్నాయి, అమ్మకి రానివి నాకు వస్తున్నాయి. ఆ సంతోషంలో ఏ లెక్కా అడగబుద్ధి కాలేదు.

పైగా నాకు కళ్లు వచ్చాయని అందరికీ చెప్పుకుని గల్లీలో డాక్టరునైపోయాను. మోకాళ్ల నొప్పులని వచ్చినవాళ్లకి కూడా పొన్నగంటి కూరే చెప్పాను. మా ఆయనైతే నన్ను ఆకాశానికెత్తేశాడు. తన దోస్తు దగ్గర పాత స్కూటీ ఒకటి ఉందని తెచ్చి, పొద్దున్నే ఎగ్జిబిషన్ గ్రౌండ్ పక్క రోడ్డు మీద తనే నేర్పించాడు. లైసెన్సు కూడా వచ్చింది. మా అమ్మాయి ట్యూషన్ అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర, ఆరింటికి వదులుతారు. అంతకుముందు పక్కింటామె తన కూతురితో పాటు ఆటోలో తెచ్చేది. "ఇగ నీకెందుకమ్మా తిప్పలు, నా బిడ్డను నేనే తెచ్చుకుంటా" అని ఆమెకి గొప్పగా చెప్పాను. జూన్, జూలై నెలల్లో ఆరింటికి ఎండ ఇంకా మొహం మీదే కొట్టేది. పిల్ల వెనక కూర్చుని బడి కబుర్లన్నీ చెప్పేది. నేను రాణిలా నడిపేదాన్ని.

వానలు వెనకబట్టాక తేడా మొదలైంది. ఆదివారం పరీక్షలో ఏడు కాస్తా ఆరున్నర అయింది, తర్వాత ఆరున్నర కూడా కాలేదు. ముందు మబ్బుల్ని తిట్టాను. తర్వాత హెల్మెట్ అద్దాన్ని తిట్టాను. ఆ తర్వాత స్టేషన్ దగ్గర ఆకుకూరలమ్మే ముసలమ్మ మీద పడ్డాను, నీ కట్టలో సత్తువ లేదు, ముదురాకు అంటగడుతున్నావని. ఆమె "వానకాలం ఆకు గట్లనే ఉంటది, ఇష్టముంటే తీస్కో" అంది. రెండు పూటలా తిన్నాను. కళ్లకి ఏమైందో తెలియదు కానీ కడుపు మాత్రం మొరాయించింది. ఒక ఆదివారం పెద్ద కన్నున్న సూది తీసుకుని కూర్చున్నాను. పరీక్ష పెట్టేదీ నేనే, కాపీ కొట్టేదీ నేనే. అయినా ఆ వారం కూడా టైము వెనక్కే పోయింది.

స్కూటీ మాత్రం మానలేదు. మానితే మా ఆయన ఎందుకని అడుగుతాడు, పక్కింటామె నవ్వుతుంది, అన్నిటికంటే మించి నాకు నేను ఒప్పుకోవాల్సి వస్తుంది.

బతుకమ్మ పండగ వెళ్లిన వారం. ఆరు దాటింది. స్టేషన్ రోడ్డు మీద ఎదురుగా వచ్చే బస్సు లైట్లు కళ్లలో కొట్టాయి. బస్సు పోయాక నాకు ముందు ఏమీ లేదు, ఉత్త నలుపు. "అమ్మా! మనిషి!" అని వెనక నుంచి కేక. రెండు బ్రేకులూ పట్టేశాను. ముందు చక్రం ఒక పెద్దాయన చేతిసంచికి తగిలి ఆగింది. సంచిలో టమాటాలు రోడ్డు మీద దొర్లాయి. ఆయన నోరు తెరిచేలోపే నేను మొదలుపెట్టాను, నల్లబట్టలేసుకుని రోడ్డు మధ్యలోకి వస్తావా, ప్రాణం మీద తీపి లేదా అని. ఆయన బిత్తరపోయి పక్కకి జరిగాడు. స్టాండు ఎటుందో కాలితో తడుముతూ బండి మీదే ఉండిపోయాను. పిల్ల దిగి టమాటాలు ఏరి ఆయన సంచిలో వేసింది.

మర్నాటి నుంచి పిల్ల బడి కబుర్లు మానేసింది. వెనక కూర్చుని వేరే మాటలు మొదలుపెట్టింది.

"అమ్మా, గుంత. జర ఎడమకు. ముందట ఆటో ఆగింది. తోపుడు బండి ఉంది, ఆగు, ఆగు, ఇప్పుడు పో."

"బండి నువ్ నడుపుతున్నవా నేను నడుపుతున్ననా? నోరు మూస్కొని కూసో" అని కసిరాను. అది నోరు మూసుకోలేదు, గొంతు కాస్త తగ్గించిందంతే. నాలుగు రోజులు పోయాక నాకే తెలిసింది, నేను ఆ గొంతు కోసం చెవులు రిక్కించుకుని నడుపుతున్నానని. ఒక సాయంత్రం దానికి దగ్గు వచ్చి మాట ఆగితే, ఆ కాస్తసేపూ నేను కాళ్లు రెండూ నేలకి ఆనించి బండిని నడిపించాను.  అయినా రేపు మబ్బు విడిపోతుంది, రేపు మంచి ఆకు దొరుకుతుంది అనే అనుకున్నాను.

ఆ ఆదివారం దారం మరీ తొందరగా ఆగిపోయింది. మా అత్తమ్మ టైము చెప్పకుండానే ఊరుకుంది. లోపలికొస్తే పిల్ల పరీక్షకి చదువుకుంటోంది. రాత్రి పగలు ఎందుకు పెరుగుతాయి, ఎందుకు తరుగుతాయి అన్న పాఠం. చిరాకులో ఉన్నానేమో, "గదంత బట్టీ కొట్టుడేనా, ఏమన్న సమజైందా నీకు?" అన్నాను.

దానికీ నా కోపమే వచ్చింది. లేచి, ఇంట్లో నా కుట్టుమిషన్ మీదకి వైరుతో కిందికి దించి కట్టుకున్న బల్బు వేసింది. గదిలో మిగతా లైట్లు తీసేసింది. "బల్బు సూర్యుడు. నేను భూమి. ఇది హైదరాబాద్" అని నా బొట్టుబిళ్ల ఒకటి తీసి తన నుదుటి మీద అంటించుకుంది.

"భూమి నిటారుగ ఉండదు. గిట్ల వొంగి ఉంటది" అని తల పక్కకి, మూలనున్న ఫ్రిజ్ వైపు వాల్చింది. "మిషన్ సుట్టు ఎంత తిరిగినా నా తల ఫ్రిజ్ దిక్కే వొంగుతది. సూడుండ్రి."

మిషన్ చుట్టూ మెల్లగా నడిచింది. ఫ్రిజ్‌కి ఎదురు పక్కకి వచ్చినప్పుడు మిషన్ మధ్యలో ఉంది కాబట్టి దాని నడినెత్తి బల్బు వైపు వాలింది. అక్కడ నిలబడి తన చుట్టూ తాను తిరిగింది, తల మాత్రం ఫ్రిజ్ వైపే ఉంచి. బొట్టుబిళ్ల మీద వెలుతురు చాలాసేపు ఉంది, నీడ కాసేపే. "గిది ఎండాకాలం." మళ్లీ నడిచి ఫ్రిజ్ పక్కకి చేరింది. ఇప్పుడు అదే వొంపు, అదే దిక్కు, కానీ నెత్తి బల్బుకి దూరంగా వాలింది. తిరిగితే బొట్టుబిళ్ల నీడలోకి తొందరగా పోయింది, వెలుతురులోకి ఆలస్యంగా వచ్చింది. "గిది చలికాలం."

"ఎండకాలం సూర్యుడు దగ్గరికొస్తడు గదనే?" అంది మా అత్తమ్మ.

"కాదు నాయనమ్మా. జనవరిలనే జర దగ్గరుంటమంట. దూరం కాదు, వొంపే."

"తేడా ఎంతుంటది?" అన్నాను. 

"మనకు తక్కువనే. పైకి, ఉత్తరానికి పోతే మస్తుంటది. మన దగ్గర పెద్ద పగటికి, చిన్న పగటికి రెండు గంటలంట. పొద్దుగాల ఒక గంట, పొద్దుమూకి ఒక గంట అనుకో."

పొద్దుమూకి ఒక గంట. గోడ గడియారం వైపు చూశాను. ఆరు నుంచి ఏడు. సంక్రాంతి నుంచి జూన్ దాకా ముద్ద ముద్దగా తిని నేను సంపాదించుకున్న గంట అదే. నా కళ్లు ఒక్క పోగంత కూడా బాగుపడలేదు. ఆకాశం ఇచ్చింది, ఆకాశం తీసుకుంటోంది. గడియారం చూస్తూ కూర్చున్నాం కానీ, స్టూలు మీద కూర్చున్నదాన్ని ఎదురుగా కనబడే ఆకాశం రంగుని ఒక్కసారి పట్టించుకుని ఉంటే తెలిసేది. జూన్‌లో దారం ఆగే వేళకి ఎదురు బిల్డింగు వెనక ఎరుపంతా పోయి బూడిదరంగు వచ్చేది. ఆ రోజు ఇంకా ఎర్రగా ఉండగానే ఆగిపోయింది. అంటే బాగుపడకపోవడమే కాదు, తగ్గాయి కూడా. మా అమ్మ చెయ్యి గోడ మీద పాకుతున్నట్టు కళ్లకి కట్టింది.

"ఇంక ఎప్పటిదాక చిన్నగైతది పొద్దు?"

"పగలు డిసెంబర్ దాక. గని పొద్దుమూకుడు నవంబర్ ఆఖర్లనే ఆగుతదంట, పొద్దువొడుసుడు మాత్రం జనవరి దాక ఇంక లేటైతదంట. ఎందుకంటే సార్ చెప్పలే. పరీక్షకు రాదన్నడు."

ఆ లెక్కన ఇంకా చాలా సాయంత్రాలున్నాయి, ఒక్కొక్కటీ ముందరి దానికంటే నల్లగా. పిల్ల పడుకున్నాక అత్తమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పాను. బండి సంగతి, పెద్దాయన సంచి సంగతి కూడా. ఆమె నా చేతిని ఒళ్లోకి తీసుకుంది. "నేనే నిన్ను ఆకు తినవెట్టి మోసం జేసినట్టైంది గదనే" అంది. కాదన్నాను. వారంలోనే కంటి దవాఖానకి పోదామంది, పోయాం. డాక్టరమ్మ చెప్పింది వినడానికి బాగుండే మాట కాదు. ఇది తగ్గేది కాదు, ఎంత మెల్లగా నడుస్తుందో చూసుకోవాల్సిందే అంది. పిల్ల కళ్లు ఇప్పటికైతే బాగానే ఉన్నాయి, ఏడాదికోసారి చూపించమంది. ఆ ఏడాదికోసారి అన్న మాట ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వదు.

అది తర్వాత. ముందు ఆ మర్నాడు, సోమవారం ఉంది.

పొద్దున ఎప్పటిలాగే స్కూటీ మీదే షాపుకి పోయాను. పొద్దున నాకేం, బాగానే కనబడుతుంది. రోజంతా మిషన్ తొక్కుతూ, సాయంత్రం ఎట్లా, ఏమని చెప్పాలి అనే ఆలోచన. ఆటోలో తీసుకొస్తాను, బండి పాడైందని అబద్ధం చెబుతాను అనుకున్నాను. తీరా ఆరింటికి, బండిని షాపు దగ్గర వదలడానికి మనసొప్పక, దాని మీదే పోస్టాఫీసు దాకా వెళ్లాను, దారి పొడుగునా నడక కంటే నిదానంగా, వెనకవాళ్ల హారన్లన్నీ తింటూ. అప్పటికే లైట్లన్నీ వెలిగాయి. పిల్ల ట్యూషన్ మెట్లు దిగి వచ్చింది.  బ్యాగు ముందుకి వేసుకుని, నా వెనక ఎక్కి, నా నడుము చుట్టూ రెండు చేతులూ బిగించింది. ఊపిరి ఆడనంత బిగువు. బండి ఇంకా స్టార్టు కూడా చెయ్యలేదు.

ఆ చేతులు పట్టుకుని చూశాను. చల్లగా, చెమటగా ఉన్నాయి.

"దిగు బిడ్డా" అన్నాను.

"ఏమైందమ్మా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. "నాకు చీకట్ల కనవడదు. పొన్నగంటి కూరతోని ఏం కాలే. ఎండకాలం పొద్దు పెద్దగుండె, అంతే. నిన్న నువ్వు చెప్పినంకనే నాకు సమజైంది. ఇగ నేను బండి నడపను."

అది నా మొహంలోకి చూసింది. "రేపు గుడ నడపవా?"

"నడప."

"ఎల్లుండి?"

"ఎప్పటికీ చీకట్ల నడప."

మెట్ల మీద కూలబడి బావురుమంది. అంత పెద్ద పిల్ల, జనం అందరూ చూస్తుండగా. నా కళ్ల గురించి ఏడుస్తోందనుకున్నాను. పక్కన కూర్చుని వీపు నిమిరాను. నాకేం కాదు, డాక్టరున్నారు, మందులున్నాయి అని ఏదేదో చెప్పాను.

తల అడ్డంగా ఊపింది. వెక్కుతూనే చెప్పింది. "నాకు రోజు బుగులైతుండె అమ్మా. ట్యూషన్ల ఐదున్నర అయిందంటె ఒక్క లెక్క గుడ తలకెక్కకపోతుండె. కిటికీల నుంచి చీకటెంతైందో సూస్కుంట కూసుంటుంటి. ఇయ్యాల ఇంటికి చేరుతమా లేదా అని."

"నాతోని ఎందుకు చెప్పలే?"

"నీకు కండ్లొచ్చినయని మస్తు ఖుషీగుంటివి గదా."

 బండి ట్యూషన్ కింద మెట్ల పక్కన పెట్టి తాళం వెయ్యబోతే రంధ్రం నాకు దొరకలేదు, పిల్లే వేసింది. ఆటో ఎక్కాం. అబిడ్స్ నుంచి నాంపల్లి ఎంత దూరమని? ఆ కాస్త దూరంలోనే, ఆ హారన్ల మధ్య, నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఇల్లు వచ్చాక కూడా లేపబుద్ధి కాక, ఆటో అతన్ని ఇంకో చక్కర్ కొట్టమన్నాను.